మరిడమ్మ ఒప్పుకోని పంక్తులు

మద్రాసులో చెక్క అచ్చుల పని నేర్చుకుని విజయనగరం వచ్చిన ఎర్రన్న ఏడేళ్లపాటు సబ్బు లేబుళ్లే చెక్కాడు. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో గానీ సొంత బొమ్మ వేసే యోగం పట్టలేదు. చేపల గంప నెత్తిన పెట్టుకున్న తల్లి మరిడమ్మను టేకు పలక మీద చెక్కాడు. పక్కన కాలేజీ తెలుగు మాస్టారు గణపతిరావు రాసిన పన్నెండు పంక్తుల కవిత. ప్రెస్సులో పేర్చే సీసపు అక్షరాలు వద్దు, తన కవిత చెక్కలోంచే పుట్టాలని మాస్టారు పట్టుబట్టాడు. ఆ మహానుభావుడి పుణ్యమా అని ఎర్రన్న రెండు నెలలు అచ్చులో తిన్నగా పడేలా ప్రతి అక్షరాన్నీ కుడి ఎడమలు తారుమారు చేసి చెక్కి, మెడ పట్టేసి వంకరగా తిరిగాడు.

చెక్కడం పూర్తయింది. మర్నాడు కాలేజీలో మాస్టారికి జరిగే సన్మాన సభలో వంద ప్రతులు పంచాలి. ముందు అమ్మ చూసి "ఇది నేనే" అనాలి. ఎర్రన్నకు కావలసింది అంతే. సభ, శాలువా మాస్టారికే వదిలేశాడు.

మరిడమ్మ సముద్రపొడ్డు ఊరు కోనాడ నుంచి బస్సులో వచ్చి, గంప గుమ్మంలో దింపి, సిరా తడి ఆరని మొదటి ప్రతి ముందు కూర్చుంది. ఆమెకు చదువు రాదు. మాస్టారు గొంతు సవరించుకుని కవిత చదవసాగాడు.

"నీ నవ్వులో ముత్యాలు రాలు..."

"నాకు ముందు పళ్లే నేవు. ముత్తేలెక్కడివి బాబూ?"

"అది ఉపమానం, మరిడమ్మా!"

"ఏదైతేనేటి, అబద్ధవే కదా? ఒరే ఎర్రన్నా, తీసీరా."

ఎర్రన్నకు నవ్వాగలేదు. ఉలితో ఆ పంక్తి లేపేశాడు. చెక్కలోంచి ఒకసారి లేచిపోయిన అక్షరం బ్రహ్మదేవుడు దిగొచ్చినా అతకదు. మాస్టారు ఆముదం తాగిన మొహం పెట్టాడు.

"సముద్రమే నీ కన్నతల్లి" అన్నచోట ఆమె గొంతు మారింది. "సంద్రం నా మొగుణ్ణి మింగీసినాది. తల్లంటావేటి?"

మాస్టారు గబుక్కున తర్వాతి పంక్తికి జారుకున్నాడు.

"కుళ్లిన సేపని తాజా అని అమ్మితే రేపు నా గంప కాడికి ఎవులొస్తారు? నా మొకం ఎట్టుకుని ఇన్ని అబద్ధాలేటి?"

పదకొండు పంక్తులు చెక్కపేళ్లై నేలమీద పడ్డాయి. "ఎండెక్కేలోగా అమ్ముడవాలి" అన్నది ఒక్కటే మిగిలింది. అది నిజమే, ఉండనీమంది.

తన రెండు నెలల కష్టం పోయినా, కవిత్వం బక్కచిక్కినందుకు ఎర్రన్నకు లోలోపల పండగ్గానే ఉంది. అప్పుడామె బొమ్మ మీదికి వంగింది.

"నా ముక్కుకి ఇదేటిరా?"

"ముక్కుపుడకమ్మా. నీకు బాగుంటాదని..."

"నువ్వు మద్రాసు రైలెక్కిన్నాడే అమ్మీసినాను."

సంతలో ఎక్కడో పడిపోయిందని అప్పట్లో చెప్పింది. ఎర్రన్న నమ్మాడు. ఇన్నేళ్లూ నమ్ముతూనే ఉన్నాడు.

ఉలి మొనతో ముక్కు మీది ఆ చుక్కను తీసేశాడు. మళ్లీ సిరా పూసి, కాగితం పరిచి, చెంచాతో రుద్ది లేపాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఆఁ, నానే."

ఎర్రన్న భోరుమన్నాడు. మాస్టారు గబగబా జేబులోంచి కలం తీశాడు.

"ఈ సంగతి రాస్తాను, మరిడమ్మా!"

"నువ్వూరుకో బాబూ" అంది మరిడమ్మ, కొడుకు తల ఒళ్లోకి లాక్కుంటూ. "ఆణ్ణి ఏడవనీ."