పల్లానికి దిగిన పొగ

ఆ రోజు పొద్దున ఆకాశం అంటూ వేరే లేదు. కొండల మీంచి జారి ఊళ్ళోకి దిగిపోయింది. తోటలో చింతచెట్టు మొదలు కనిపిస్తోంది గాని కొమ్మలు కనిపించడం లేదు. మామిడాకుల కొసల నుంచి నీళ్ళు టప్పు టప్పున రాలుతున్నాయి. వాన కాదు, మాఘమాసం మంచు. ఇంకో నాలుగు గంటల్లో చొక్కా విప్పుకోవాలనిపించే ఎండ కాస్తుందంటే కొత్తవాళ్ళెవరూ నమ్మరు. చలికాలం పోయే ముందు రంపచోడవరంలో అంతే. పొద్దున దుప్పటి, మధ్యాహ్నం విసనకర్ర.

బుల్లియ్య అగ్గిపెట్టె చెమ్మెక్కకుండా చంకలో ఇరికించుకుని తోట తూర్పు చివర, కొండ మొదట్లో నిలబడ్డాడు. ఎదురుగా ఆరు కుప్పలు. అడుగున పీచుతో ఉన్న కొబ్బరి డొక్కలు, పైన పచ్చి వేపమండలు, వాటి మీద పిడకలు. టైము ఆరు కావస్తోంది. చెయ్యి చాచి ఒక పూత కంకిని తడిమాడు. తడి. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంటే తేనె వాసన ఇంకా ఉంది. ఇంకో నాలుగు పొద్దులు ఇలాగే మంచు పట్టిందంటే ఆ వాసన పోతుంది, కంకి నల్లబడుతుంది. పోయినేడు అలాగే నల్లబడింది.

ఆయనది కోనసీమలో ఒక లంక ఊరు. భార్య సూర్యకళకి ఉబ్బసం. చుట్టూ కాలవలు, గోడలకి కూడా చెమ్మ. అక్కడున్నన్నాళ్ళూ ఆవిడ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది లేదు. గోడకి దిండు ఆనించుకుని కూర్చునే తెల్లారబెట్టేది. రాజమండ్రి డాక్టరు చివరికి తేల్చి చెప్పాడు, ఎండు నేల ఉన్న చోటికి తీసుకెళ్ళమని, లేకపోతే ఏటేటా ఊపిరి తగ్గిపోతుందని. ఆవిడ తమ్ముడు తాతాజీకి ఈ కొండల మధ్య పన్నెండెకరాల మామిడితోట, అందులో ఒక పెంకుటిల్లు ఉన్నాయి. "మీరిద్దరూ అక్కడుండండి బావా, తోట కూడా చూసినట్టుంటుంది" అన్నాడు. వచ్చి మూడు చలికాలాలయింది. వచ్చిన నెలకే సూర్యకళ చాప మీద ఒళ్ళు వాల్చి నిద్రపోయింది. ఆ రాత్రి బుల్లియ్య పక్కన కూర్చుని, ఊపిరి ఆడుతోందో లేదోనని రెండుసార్లు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

బావమరిది నీడన బతుకుతున్నాడని ఆయన్ని ఎవరూ అనలేదు. అనకపోయినా ఆయనకి వినపడేది. పోయినేడు పూతంతా మాడిపోయినప్పుడు తాతాజీ టీకొట్టు దగ్గర నలుగురిలో నవ్వుతూ ఒక మాటన్నాడు. "మా బావ తోటకి కాపలా కాదండోయ్, మంచుకి కాపలా. ఒక్క చుక్క బయటికి పోనిస్తే ఒట్టు." అందరూ నవ్వారు. బుల్లియ్యా నవ్వాడు. ఆ పూట అన్నం సగంలో లేచాడు.

ఆ మాట ఏడాదంతా ఆయన్ని తింటూనే ఉంది. పుష్యమాసంలో ఊరెళ్ళి ఆరు బస్తాల కొబ్బరి డొక్కలు బస్సు టాపు మీద వేయించుకొచ్చాడు. "అడవిలోకి కట్టెలు తీసుకెళ్తున్నారేంటండీ?" అని కండక్టరు ఎగతాళి చేశాడు.  బుల్లియ్య నాన్న పెరటి మామిళ్ళకి ఇలాగే పొగ పెట్టేవాడు. మంట రాకూడదు, పొగే రావాలి. తెల్లారగట్ల పడమటి గాలికి ఆ పొగ కొమ్మల్లో దూరి, పూత మీది తడిని ఆర్చుకుంటూ సముద్రం వైపు పోయేది. ఏడయ్యేసరికి జాడ ఉండేది కాదు.

ఇల్లు తోటకి పడమటి చివర, నూతి పక్కన ఉంది. అందుకే కుప్పలన్నీ తూర్పు చివర పేర్చాడు. పొగ ఇంటికి ఎదురు రాకూడదని రెండ్రోజులు ఆలోచించి పెట్టిన చోటు అది. నిన్న సాయంత్రం రాముడు వచ్చి చూశాడు. రాముడిది ఈ కొండే. తోట వేసినప్పటి నుంచి ఇందులోనే పని.

"కుప్పలు ఇక్కడెట్టారేంటండి?"

"ఇంటికి దూరమని. అమ్మగారికి పొగ పడదు కదా."

"ఇదేనండి ఇంటికి దగ్గర."

"నువ్వు మరీనోయ్. తోట ఈ చివర ఇది, ఆ చివర ఇల్లు. దగ్గరేంటి?"

"తెల్లారగట్ల కొండ గాలి ఒదులుద్దండి. పైకి లెగదు. నేల మీద పాకుద్ది. ఎండ తగిలేదాకా పొగ ఈ గుంటలోనే పడుకుంటాది."

"మంచు గురించి నాకు చెప్తావేంటి రాముడూ. మీకు రెణ్ణెల్లుంటే గొప్ప. నేను అందులో పుట్టాను."

"ఆయ్" అన్నాడు రాముడు. తలూపాడు. ఆ వైపే ఎండుపుల్లలు ఏరుకుంటున్న సూర్యకళ తలెత్తి ఇద్దర్నీ చూసి, మళ్ళీ పుల్లలు ఏరుకుంది.

తాతాజీ ఇవాళే వస్తున్నాడు, పదిన్నర బస్సుకి, పూత చూడ్డానికి.

బుల్లియ్య అగ్గిపుల్ల గీశాడు. మొదటి కుప్ప కాసేపు మొరాయించి, తర్వాత తెల్లగా, బరువుగా పొగ వదిలింది. ఆరూ అంటుకున్నాక వెనక్కి వచ్చి నిలబడ్డాడు. పీచు కాలే వాసనకి నాన్న గుర్తొచ్చాడు. పొగ కొమ్మల్లోకి వెళ్తోందని, పనవుతోందని అనుకున్నాడు. ఆ మంచులో ఏది పొగో ఏది మంచో ఎవరు చూడొచ్చారు. పావుగంట అలాగే తృప్తిగా నిలబడ్డాడు.

ఎందుకో కిందికి చూస్తే ఆయన పాదాలు కనిపించలేదు.

మోకాళ్ళ కింద పొగ కదులుతోంది. కాలవ కట్టేసి వదిలినప్పుడు కొత్త నీటి అంచు గడ్డిపోచల్ని ఒక్కొక్కటే ముంచుకుంటూ ఎలా పాకుతుందో, అలా. ముప్పై ఏళ్ళు వరిచేలకి నీళ్ళు పెట్టిన మనిషి. పారేదాన్ని చూస్తే అది ఎక్కడికి పోయి నిలుస్తుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. తోటలో అన్నిటికన్నా పల్లం నూతి దగ్గర. నుయ్యి పక్కన ఇల్లు.

పరిగెత్తాడు. పొగ ఆయనకన్నా ముందే వెళ్ళింది.

తలుపులు మూసే ఉన్నాయి. పెంకుటిల్లు కదా, చూరు కింద జానెడు సందు. లోపల దీపం చుట్టూ పొగ సుడి తిరుగుతోంది. సూర్యకళ మంచం పట్టె మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, భుజాలు పైకెత్తి ఊపిరి కోసం చూస్తోంది. ఉబ్బసం మందు నోట్లో కొట్టుకునే పంపు కాళ్ళ దగ్గర పడి ఉంది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. రాముడు అప్పటికే వచ్చి ఆవిడ వీపు నిమురుతున్నాడు.

"ఎన్నిసార్లు కొట్టుకున్నావు?" అన్నాడు బుల్లియ్య.

ఆవిడ నాలుగు వేళ్ళు చూపించింది. మాట రాలేదు.

"మోపెడ్ తీస్తాను. ఆసుపత్రికి పోదాం."

"ఆసుపత్రి ఇంకా పల్లమండి" అన్నాడు రాముడు. "దారంతా ఇదే పొగ. అక్కడికెళ్ళేలోపు ఏమన్నా అవుద్ది. ముందు పైకి పోదాం."

"పైకేంటి? కొండ మీద ఏముంది?"

"ఎండుందండి."

బుల్లియ్య ఒక్క క్షణం ఆగాడు. నిన్న ఇదే మనిషి మాట తీసి పారేశాడు. గుమ్మం దగ్గరున్న చెక్క కుర్చీ లాగి, ఆవిడని లేపి అందులో కూర్చోబెట్టాడు. తన పంచె చెంగు చింపి నూతి దగ్గర బాల్చీలో ముంచి ఆవిడ ముక్కుకి అడ్డం పెట్టాడు. కుర్చీ ముందు కాళ్ళు రాముడు పట్టుకున్నాడు, వెనక వీపు బుల్లియ్య పట్టుకున్నాడు.

ఇంటి వెనక నుంచే కాలిబాట కొండెక్కుతుంది. మేకలు నడిచే బాట. ఎదర రాముడి వీపు ఒక్కటే కనిపిస్తోంది, అదీ మసగ్గా. కుర్చీలోంచి పిల్లికూతలాంటి చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు వస్తున్నంతసేపూ బుల్లియ్య నడిచాడు. ఒకచోట ఆగిపోయింది. ఆయన కాళ్ళూ ఆగిపోయాయి.

"ఆగకండి" అన్నాడు రాముడు వెనక్కి చూడకుండా.

మళ్ళీ వినిపించింది. మళ్ళీ నడిచాడు. రాయి మీద కాలు జారి మోకాలు చీరుకుపోయింది గాని కుర్చీ వంచలేదు. బాట మూడో మలుపు దగ్గర మంచు పసుపు రంగుకి తిరిగింది. నాలుగు అడుగులు వేసేసరికి నీళ్ళలోంచి తల పైకి తీసినట్టు ఇద్దరూ ఎండలోకి వచ్చిపడ్డారు.

పైన ఆకాశం కడిగినట్టుంది. అప్పుడే అవతలి కొండ మీద పొద్దు పొడిచింది. బండ మీద కుర్చీ దించారు. సూర్యకళ ముఖం మీద గుడ్డ తీసేసి నోరు తెరిచింది. గాలి ఒక గుక్క లోపలికి పోయింది. చాలాసేపటికి ఇంకోటి. బుల్లియ్య ఎదురుగా గొంతుక్కూర్చుని ఒక్కో గుక్కనీ తనే మింగుతున్నట్టు మెడ కదిలించాడు. పది గుక్కలయ్యాక పిల్లికూత సన్నబడింది. పెదాల రంగు మారడం మొదలెట్టింది.

అప్పుడు తల తిప్పి కిందికి చూశాడు. గుంటంతా తెల్లటి మంచు, కదలకుండా. గుడి శిఖరం ఒకటి, సెల్‌ఫోన్ టవరు ఒకటి పైకి లేచి ఉన్నాయి. ఆ తెలుపు మధ్యలో, తోట ఉన్న చోట నుంచి కింది ఇళ్ళ దాకా గోధుమ రంగు మరక పరుచుకుని ఉంది. అది ఆయన పెట్టిన పొగ. తమ ఇంటి మీదే కాదు, వరసగా పది పదిహేను ఇళ్ళ మీద పడుకుని ఉంది.

"కుప్పల మీద నీళ్ళు పోసొస్తానండి" అని రాముడు మళ్ళీ మంచులోకి దిగిపోయాడు. చెప్పానా అని అనలేదు. అంటే బాగుండుననిపించింది బుల్లియ్యకి.

ఎండ వీపు మీద వెచ్చగా ఎక్కింది. సూర్యకళ కొంగుతో నోరు తుడుచుకుంది.

"నిన్న రాముడు చెప్పింది నేను విన్నాను" అంది, ముక్కలు ముక్కలుగా.

"విని ఊరుకున్నావా?"

"చెబితే మీరు పెట్టేవారు కాదు."

"పెట్టేవాణ్ణి కాదు. మరి?"

ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. "పూత పోయేది. తమ్ముడు మళ్ళీ ఆ మాటనేవాడు. మీరు మళ్ళీ నవ్వేవారు." ఇంకో గుక్క పీల్చింది. "మీరలా నవ్వడం నాకు ఇష్టం లేదండి."

బుల్లియ్య చీరుకుపోయిన మోకాలి మీద మట్టి దులుపుకున్నాడు.

ఎనిమిదిన్నరకి మంచు లేచింది. అది లేచేటప్పుడు ఎవరికీ చెప్పి లేవదు. చూస్తుండగానే ఊరు బయటపడింది. ఆసుపత్రికి తీసుకెళ్తే సూది వేసి, ఒక గంట ఉంచుకుని, నాలుగు రోజులు పొయ్యి దగ్గరికి పోవద్దని చెప్పి పంపారు. తిరిగొచ్చేసరికి తోట ఎండలో వేడెక్కి పోయింది, తేనెటీగలు పూత మీద మోగుతున్నాయి. ఆరు కుప్పలూ తడిసి నల్లగా పడున్నాయి. ఇంకా విప్పని డొక్కల బస్తా ఒకటి మిగిలింది. బుల్లియ్య దాన్ని ఎత్తి పేడగుంటలో పడేసి, మీద నాలుగు బాల్చీల నీళ్ళు పోశాడు.

తాతాజీ గేటు దగ్గర నుంచే కేకేశాడు. చేతిలో పనసపొట్టు మూట ఉంది. "ఏంటి బావా, మా తోటలో ఎవరిదో పెళ్ళి చేసినట్టున్నావు. ఇన్ని గాడిపొయ్యిలేంటి?"

బుల్లియ్య ఈసారి నవ్వలేదు. "పొగ పెట్టాను తాతాజీ. మీ అక్కకి పట్టేసింది. చచ్చి బతికింది. రాముడు వద్దని చెప్పాడు, నేను వినలేదు."

తాతాజీ అరుగు మీద వాలి కూర్చున్న అక్కని చూశాడు. ఆవిడ ముఖం చూసి, చేతికి అంటించిన దూది చూసి, బుల్లియ్య మోకాలు చూశాడు.  పూత చూడ్డానికి తోటలోకి వెళ్ళలేదు.

"ఎందుకు పెట్టావు బావా?" అన్నాడు మెల్లగా.

"రేపు కూడా మంచు పడుద్ది" అన్నాడు బుల్లియ్య. "ఎల్లుండీ పడుద్ది. ఈ ఏడు కూడా పూత ఉండదు. ఇక నేను పెట్టను. ఏమనుకుంటావో నీ ఇష్టం."

తాతాజీకి టీకొట్టు గుర్తొచ్చిందో ఏమో, తలొంచుకుని మూట ముడి విప్పడం మొదలెట్టాడు. అది చాలాసేపు విప్పాడు.

వంట బుల్లియ్యే చేశాడు, పెరట్లో, ఇంటికి అవతలి పక్క, గాలి ఎటు పోతోందో ఒక ఎండుటాకు వదిలి చూసుకుని. పనసపొట్టులో ఆవ ఎక్కువయింది. అన్నం కాస్త మెత్తబడింది. అరుగు మీద నాలుగు విస్తళ్ళు వేశాడు. రాముడు మెట్టు మీద కూర్చోబోతే సూర్యకళ మాట్లాడకుండా తన పక్క పీట చూపించింది. అతను వచ్చి కూర్చున్నాడు.

ఎండ చుర్రుమంటోంది. పొద్దున ఈ ఊళ్ళో మంచు పడిందంటే నవ్వుతారు.  ముద్దకీ ముద్దకీ మధ్య సూర్యకళ ఊపిరి లోపలికి పోయేటప్పుడు సన్నగా ఈల వేస్తోంది. ముగ్గురు మగాళ్ళూ తలలు దించుకుని తింటున్నారు. ఈల కాస్త గట్టిగా వినపడితే మూడు చేతులూ విస్తళ్ళలో ఆగుతున్నాయి. తగ్గగానే మళ్ళీ కదులుతున్నాయి. తాతాజీ మిరియాల చారు గిన్నె బావ వైపు జరిపాడు. బుల్లియ్య ముందు ఆవిడకి పోశాడు, తర్వాత రాముడికి, తర్వాత తాతాజీకి. అడుగున మిగిలింది తను పోసుకున్నాడు.