పడవ వెళ్ళిన రోజు ఉతకరు

నా రాతలో తప్పులుంటే ముందే మన్నించమని అడుగుతున్నాను. అరవై తొమ్మిదో ఏట లైబ్రరీ వెనక గదిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పటికీ ఒక పేజీ నిండాలంటే నాకు రెండు సాయంత్రాలు పడుతుంది. చదివేవాళ్ళకు తొందరుండవచ్చు, ఈ కథకు మాత్రం తొందరేమీ లేదు.

గ్రిమ్స్‌బీ రేవు దగ్గర మా వీధిలో, పద్దెనిమిదో నంబరు ఇంట్లో మ్యూరియల్ టాస్కర్ ఉండేది. ఆమె భర్త విల్ఫ్ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉత్తర సముద్రం మీద చేపలు పట్టాడు. చివరికి పక్క మీదే, చేతిలో టీ కప్పుతో పోయాడు. పిల్లలు లేరు. ఆ తర్వాత ఆరేళ్ళ పాటు మ్యూరియల్ ఒక్క మాంసం ముక్క వేయించుకుని, రేడియోలో ఎవరో మాట్లాడుతుంటే వింటూ తినేది. వార్తలు చదివేవాడు "శుభ సాయంత్రం" అంటే తిరిగి "శుభ సాయంత్రం" అనేది.

అప్పటికే చేపల పడవలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. వాటి చోటికి, సముద్రంలో కరెంటు తీసే గాలిమరల దగ్గరికి పనివాళ్ళను చేర్చే పడవలు వచ్చాయి. మొదట్లో తీరం నుంచి చూస్తే నీళ్ళ అంచున పాతిక ముప్ఫై గాలిమరలు గుండుసూదుల్లా కనిపించేవి. చూస్తుండగానే వందలయ్యాయి. ఆ తర్వాతవి మరీ దూరం వెళ్ళిపోయి, ఎంత మబ్బులేని రోజున కూడా కంటికి ఆనేవి కావు. వాటి బోల్టులు బిగించి, గేర్లకు నూనె పోసి, రెక్కల మీద పగుళ్ళు పూడ్చడానికి ఎక్కడెక్కడి మనుషులో వచ్చారు. వాళ్ళు పడుకోవడానికి గదులు కావాల్సి వచ్చింది. మ్యూరియల్ ఇంట్లో మూడు గదులు ఖాళీగా ఉన్నాయి.

అలా ఒక అక్టోబరులో ముగ్గురు ఆమె ఇంట దిగారు. డెన్మార్క్ నుంచి జెప్పె, నలభై దాటినవాడు, ప్రతి గుమ్మం దగ్గరా తల వంచాల్సినంత పొడుగు. వేల్స్ నుంచి రోద్రి, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. న్యూకాసిల్ నుంచి డోనా, రోద్రి వాటా మాటలు కూడా ఆమే మాట్లాడేది.

మ్యూరియల్ వాళ్ళకు మొదటి రోజే ఒక నియమం చెప్పింది. "ఈ ఇంటి మనిషి సముద్రం మీదికి వెళ్ళిన రోజున ఈ ఇంట్లో బట్టలు ఉతకరు. నేనూ ఉతకను, మీరూ ఉతక్కూడదు."

"ఉతికితే ఏమవుతుంది పెద్దమ్మా?" అంది డోనా.

"ఉతికిన నీళ్ళతో పాటు మనిషి కూడా కొట్టుకుపోతాడు."

డోనా నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకుంది. ముగ్గురూ సరేనన్నారు.

విల్ఫ్ కాలంలో ఆ నియమంతో ఎవరికీ ఇబ్బంది లేదు. రెండు వారాలకోసారి పడవ వెళ్ళేది. ఆ ఒక్క రోజు మానేస్తే సరిపోయేది. గాలిమరల వాళ్ళు అలా కాదు. రోజూ పొద్దున ఆరున్నరకు వెళ్ళి, సాయంత్రం ఏడింటికి భోజనానికి వచ్చేస్తారు. అంటే రోజూ పడవ వెళ్ళిన రోజే. అయినా చలికాలమంతా ఎలాగో గడిచిపోయింది. అల ఒకటిన్నర మీటరు దాటితే పడవలు కదలవు. నవంబరు నుంచి మార్చి దాకా వారానికి రెండు మూడు రోజులు అలా ఆగిపోయేవి. అల లేచిందని కబురు రాగానే మ్యూరియల్ గౌను చేతులు పైకి మడిచి మెషీన్ దగ్గరికి పరిగెత్తేది. ఆ గాలికి పెరట్లో దుప్పట్లు గంటలో ఆరిపోయేవి. రేవులో అందరూ గాలి తగ్గాలని కోరుకుంటుంటే ఆమె ఒక్కతే పెరగాలని కోరుకునేది.

ఆ ఇల్లు మళ్ళీ ఇల్లయింది. మెట్ల కింద ఆరు జతల బూట్లు. శుక్రవారం హ్యాడాక్ చేప, ఆదివారం పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి పుడ్డింగు. వంటింట్లో డోనా కబుర్లు, జెప్పె నవ్వు, రోద్రి మౌనం. మ్యూరియల్ రేడియో పెట్టడమే మరిచిపోయింది.

తర్వాత జూన్ వచ్చింది. ఆ జూన్‌లో గాలి అనేది లేకుండా పోయింది. సముద్రం పళ్ళెంలో పోసిన పాలలా కదలకుండా పడుకుంది. పడవలు ఒక్క రోజు కూడా ఆగలేదు. అయిదు రోజులు, పది రోజులు, పద్నాలుగు రోజులు.

"అక్కడ గాలి లేక రెక్కలు తిరగట్లేదు, ఇక్కడ గాలి లేక వాషింగ్ మెషీన్ తిరగట్లేదు," అంది డోనా. "మనందరం గాలి మీద బతుకుతున్నాం పెద్దమ్మా."

"రేపు లేస్తుందిలే," అనేది మ్యూరియల్. పొద్దున లేచి కిటికీ తెరిస్తే పొగ గొట్టాల మీద పొగ నిలువుగా పైకి పోతూ కనిపించేది.

వీధి చివరి లాండ్రీ ఆరింటికే మూసేస్తారు. వాళ్ళు వచ్చేది ఏడింటికి. మ్యూరియల్ తీసుకెళ్తే ఆమె ఉతికినట్టే. రోద్రి మేజోళ్ళు రెండు వైపులా తిప్పి తొడుక్కున్నాడు. తర్వాత వాటిని కిటికీ బయట వేలాడదీశాడు. పక్కింటి పిల్లి ఆ కిటికీ గట్టు మీద పడుకోవడం మానేసింది.

పదిహేడో రోజున జెప్పె తన చెల్లెలి పెళ్ళికి కుట్టించుకున్న సూటు వేసుకుని టిఫినుకు దిగాడు. టై ఒక్కటే లేదు.

"ఎక్కడికి నాయనా?" అంది మ్యూరియల్.

"పనికే మ్యూరియల్ గారూ," అన్నాడు జెప్పె మర్యాదగా. "శుభ్రంగా ఉన్నది ఇదొక్కటే."

ఆ సూటు మీదే సముద్రపు దుస్తులు తొడుక్కుని, నిచ్చెన పట్టుకుని ఎనభై మీటర్లు ఎక్కాడు. పడవ నడిపేవాడు రేవు నుంచి గాలిమర దాకా అడుగుతూనే ఉన్నాడట, "ఏంటి జెప్పె, పైన పెళ్ళికూతురు ఉందా?" అని. తిరిగొచ్చేసరికి మోకాలి దగ్గర అరచేయంత నూనె మరక.

ఆ రాత్రి భోజనాల దగ్గర ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి డోనాయే మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, కోపం తెచ్చుకోకు. రేవు పక్కన మా కంపెనీవాళ్ళు కొత్తగా గదులు కట్టారు. అక్కడ రోజూ బట్టలు ఉతికి ఇస్తారు."

"భోజనం?"

"భోజనం బాగోదంట," అన్నాడు రోద్రి. ఆ రోజుకి అదే అతని మొదటి మాట.

"ఆదివారం మారదామనుకుంటున్నాం," అంది డోనా గిన్నెలోకి చూస్తూ. "నీ నియమాన్ని తప్పుపట్టడం లేదు. కానీ నిన్న పడవలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. సముద్రపు పక్షి ఒకటి వచ్చి వాలింది, అది కూడా వెళ్ళిపోయింది."

మ్యూరియల్ లేచింది. అందరి గిన్నెల్లోనూ ఇంకో గరిటె పుడ్డింగు వేసింది.

మర్నాడు గురువారం. వాళ్ళు వెళ్ళిపోయాక మూడు గదుల బట్టలూ తెచ్చి మెషీన్లో కుక్కింది. సబ్బు పొడి వేసింది. మూత వేసింది. బొత్తాం మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. విల్ఫ్ ముప్ఫై ఒక్క ఏళ్ళు వెళ్ళాడు, ముప్ఫై ఒక్క ఏళ్ళు తిరిగొచ్చాడు. ఉతకనందుకే వచ్చాడని ఆమె ఏనాడూ అనలేదు. ఉతికి చూద్దామని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇప్పుడు వీళ్ళ మీద, ఆ గలగల మాట్లాడే పిల్ల మీద, ఎలా ప్రయత్నించి చూస్తుంది? వేలు తీసేసి, బట్టలన్నీ మళ్ళీ బుట్టలో వేసుకుంది. ఆదివారం తర్వాత బల్ల చుట్టూ మూడు ఖాళీ కుర్చీలు. వాటిని మేడ మీద పెట్టెయ్యాలా, అక్కడే ఉంచాలా అని కూడా ఆలోచించింది.

అప్పుడే ముందు గది కిటికీలోంచి, ఎదురింటి బెరిల్ లీక్ దుప్పటి దులుపుతూ కనిపించింది. బెరిల్ ఇంటి వెనక తీగ మీద వారంలో ఏడు రోజులూ బట్టలు ఉండేవి. ఆమె భర్త స్టాన్ ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. జన్మలో పడవెక్కలేదు. ఆ ఇంటి నుంచి సముద్రం మీదికి వెళ్ళిన మనిషే లేడు. ఆ ఇంటికి నియమమే లేదు.

మ్యూరియల్ కుర్చీలో కూర్చుండిపోయింది. దారి దొరికింది. కానీ ఆ దారి బెరిల్ గుమ్మంలోంచి పోతుంది.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుని ముప్ఫై ఏళ్ళయింది. అప్పుడు విల్ఫ్ పడవ వెళ్ళిన సోమవారం, బెరిల్ బట్టలు ఉతికి సబ్బు నీళ్ళు వీధి కాలువలోకి పోసింది. ఆ నీళ్ళు వాలుగా వచ్చి మ్యూరియల్ గుమ్మం ముందు నుంచి పోయాయి. మ్యూరియల్ బయటికొచ్చి అంది, "ఐసు కొట్టుకునేవాళ్ళకి సముద్రం సంగతి ఏం తెలుస్తుంది? మీకేం పోతుంది?" అని. ఐసు మరలో స్టాన్ రెండు వేళ్ళు పోయి అప్పటికి నాలుగు నెలలు. వీధంతా విన్నది. నేనూ విన్నాను. విచిత్రమేమిటంటే, ఆ సారి విల్ఫ్ పడవకు ఆ ఏడాదిలో ఎన్నడూ పడనంత చేప పడింది. అదంతా తన సబ్బు నీళ్ళ మహిమేనని బెరిల్ చేపల బజారులో అందరికీ చెప్పుకుంది. దాంతో మాటలు పూర్తిగా ఆగిపోయాయి.

మధ్యాహ్నం మూడింటికి మ్యూరియల్ కోటు వేసుకుంది. జూన్ ఎండలో కోటు. వీధి దాటి తలుపు తట్టింది.

బెరిల్ తలుపు తీసి పైనుంచి కింది దాకా చూసింది. "ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"మరెందుకొచ్చావు? కోటు చూసి చావు కబురనుకున్నాను."

"బట్టలు ఉతకాలి," అంది మ్యూరియల్.

"నీకు మెషీన్ లేదా?"

"ఉంది."

"చెడిపోయిందా?"

"లేదు. మా వాళ్ళు రోజూ సముద్రం మీదికి వెళ్తున్నారు. పద్దెనిమిది రోజులైంది."

బెరిల్ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. శబ్దం లేకుండా నవ్వుతోంది.

"అంటే ఆ పొడుగాయన సూటేసుకుని పోయింది అందుకా? కోర్టుకి వెళ్తున్నాడనుకున్నాను నేను."

"నువ్వు నవ్వితే నవ్వుకో. ఆదివారం వెళ్ళిపోతామంటున్నారు."

నవ్వు ఆగింది. బెరిల్ వీధి వైపు చూసింది. స్టాన్ పోయి ఆమెకూ తొమ్మిదేళ్ళయింది. ఎదురింట్లో నుంచి సాయంత్రాలు వచ్చే నవ్వులు కిటికీ తెరిచి వింటుందని మా అందరికీ తెలుసు, ఒక్క మ్యూరియల్‌కి తప్ప.

"ఉతుకుతాను," అంది చివరికి. "కానీ నా నీళ్ళ వల్లే విల్ఫ్‌కి అంత చేప పడిందని నువ్వు ఒప్పుకోవాలి."

"ఒప్పుకోను."

"అయితే పోయి ఆ కంపు పీల్చుకో."

మ్యూరియల్ రెండు మెట్లు దిగి ఆగింది. కోటు గుండీ విప్పింది, మళ్ళీ పెట్టుకుంది.

"చేప సంగతి నాకు తెలియదు బెరిల్. నీ నీళ్ళ వల్ల చెడు జరగలేదు, అది మాత్రం నిజం. స్టాన్ వేళ్ళు పోయి నాలుగు నెలలు కాకుండానే 'మీకేం పోతుంది' అన్నాను చూడు, అది తప్పు. ఆ రోజే తెలుసు నాకు తప్పని. లోపలికెళ్ళి ఏడ్చాను కూడా. బయటికొచ్చి చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది."

బెరిల్ జేబులోంచి రుమాలు తీసింది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, "అవి తీసుకురా, ఎండ ఉండగానే ఆరాలి," అంది.

"నేను మీ గుమ్మం దాకా తెస్తే, మా ఇంటి మనిషే ఉతికినట్టు అవుతుందేమో," అంది మ్యూరియల్ నసుగుతూ.

"ఉతకాల్సింది నేనే, మోయాల్సిందీ నేనేనా? ఇంకా నయం, వాటిని మురికి చేసే పని కూడా నాకే అప్పజెప్పలేదు."

వాదన పది నిమిషాలు సాగింది. చివరికి రోడ్డు మధ్య తెల్లగీత దగ్గర రాజీ కుదిరింది. గీత దాకా మ్యూరియల్ తేవాలి, గీత దగ్గర నుంచి బెరిల్ మోయాలి. మొదటి బుట్ట చేతులు మారుతుంటే పన్నెండో నంబరు బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టలేదు. మా వీధిలో ముప్ఫై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నవాడు, ఆ ఇద్దరినీ ఒక చోట చూసి కొట్టడం మరిచిపోయి ఉంటాడు.

సాయంత్రం ముగ్గురూ వచ్చేసరికి, బెరిల్ ఇంటి వెనక తీగ మీద తమ బట్టలన్నీ వరుసగా కనిపించాయి. జెప్పె సూటు మోకాలి మరక కూడా పోయింది. ఏం వేసి పోగొట్టిందో బెరిల్ ఎవరికీ చెప్పలేదు. భోజనాల బల్ల దగ్గర అయిదో కుర్చీ వేశారు.

"అయితే ఆదివారం ఏం చేద్దాం?" అంది డోనా.

"రూబార్బ్," అన్నాడు రోద్రి. దానితో ఆ విషయం తేలిపోయింది.

బెరిల్ ఆ పూట మూడుసార్లు వడ్డించుకుంది. వెళ్ళేటప్పుడు, "పులుసులో ఉప్పు తక్కువైంది," అంది. "రేపటికి సరి చేస్తాలే," అంది మ్యూరియల్.

నాలుగు రోజుల తర్వాత గాలి లేచింది. కిటికీలు గడగడలాడాయి. అల మూడు మీటర్లని కబురొచ్చింది, పడవలు ఆగిపోయాయి. ముగ్గురూ పైన గుర్రు పెట్టి నిద్రపోతున్నారు. మ్యూరియల్ మెషీన్ ఖాళీగా ఉంది, నియమం అడ్డు లేదు. ఆమె బుట్ట నింపుకుని, తలకు గుడ్డ కట్టుకుని, గాలికి వంగి నడుస్తూ తెల్లగీత దాటి బెరిల్ గుమ్మం దాకా వెళ్ళింది.

"ఇవాళ పడవలు వెళ్ళలేదంట కదే?" అంది బెరిల్ తలుపు తీసి.

"వెళ్ళలేదు."

"మరి ఇదేంటి?"

"టీకి నీళ్ళు పెట్టావా, లేదా?" అంటూ మ్యూరియల్ ఆమెను పక్కకు నెట్టుకుని లోపలికి వెళ్ళింది.

డోరీన్ హాలెట్, డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు క్లీథోర్ప్స్‌లో, బస్టాండు పక్క వీధిలో, రెండో అంతస్తు గదిలో ఉంటున్నాను.