వెండిచేప మీది బొట్టు

నేను ఒక పాత కంప్యూటర్‌ని. తెనాలిలో ఓ శుభలేఖల దుకాణంలో నా జీవితమంతా గడిచింది. పెళ్లివారి మధ్య బతికాను కాబట్టి, ఎవరు ఏమిచ్చారు, ఎవరు ఏం పట్టుకుపోయారు అని చూసే అలవాటు నాకూ అబ్బింది.

సముద్రాల అవతల మెరిడా అనే కంపెనీలో తయారయ్యాను. ముందు వెండిరంగు చేప గుర్తు, వెనక నాలుగు మరలు. కంపెనీవాళ్లు గొప్పగా చెప్పుకున్నది చేప గురించి. నాకు అక్కరకొచ్చినవి మరలు.

నన్ను కొన్న భావన్నారాయణకు ఆ చేపంటే పిచ్చి. స్కూటరు మీద కూడా దాని బొమ్మ అంటించాడు. శుభలేఖ కోసం వచ్చిన పెళ్లిపెద్దలను కూర్చోబెట్టి, ముహూర్తం అడగకముందే మెరిడా గొప్పలు వినిపించేవాడు. పాపం, వాళ్లు చేతిలో పసుపు పూసిన కాగితంతో తలలూపేవారు.

అతని భార్య హైమావతికి పొగడ్తలతో పనిలేదు. గళ్ల కాగితం మీద తెలుగు అక్షరాలు తనే గీసి, ఒక్కొక్కటే నాలోకి ఎక్కించింది. 'శ్రీ' మెడ వంపు కుదరడానికే ఓ వానాకాలం పట్టింది. ఇంగ్లీషు మీటల మీద తెలుగు అక్షరాలు రాసిన కాగితం ముక్కలు టేపుతో అంటించింది. ఆ అక్షరాల కోసమే గుంటూరు నుంచి కూడా జనం వచ్చేవారు. అలా వచ్చిన పేరంతా భావన్నారాయణ చేప ఖాతాలో వేసేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఏటా దసరాకి నాకు పూజ. చేప మీద బొట్టు, నెత్తిన అక్షింతలు. కొన్ని గింజలు గాలి సందుల్లోంచి లోపలికి జారేవి. మర్నాడు నాలుగు మరలూ విప్పి నన్ను బోర్లించి దులిపేవారు. "మీ చేపకి ఈ ఏడు బియ్యం బాగానే ముట్టాయండీ" అని హైమావతి చేటలోకి ఎత్తేది. నాకు ఏ జబ్బూ చేయలేదు.

తర్వాత మెరిడా కొత్త కంప్యూటర్ వచ్చింది. అప్పడంలా పలచన. ఒక్క మర లేదు, విప్పే దారి లేదు. భావన్నారాయణ మురిసిపోయాడు. అక్షరాలన్నీ దానిలోకి మార్చి, నాలో ఉన్నదంతా తుడిచేసి నన్ను ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు.

"దానికేమన్నా కూడు పెడుతున్నామా? ఉండనివ్వండి" అంది హైమావతి.

ఆ ఒక్క మాటతో నేను బల్ల కిందికి చేరి, కార్డుల కట్టలకు ఎత్తుపీటనయ్యాను. నామోషీ అనుకోలేదు. లోపలి సరుకు లోపలే ఉంది.

దసరా వచ్చింది. కొత్త చేపకూ బొట్టు పెట్టారు, అక్షింతలు వేశారు. గింజలు జారి ఫ్యానుకు అడ్డం పడ్డాయి. మర్నాడు కాలిన వాసనతో అది ఆగిపోయింది. ముందు కార్తీకమాసం, నిండా పెళ్లిళ్లు. హైమావతి అక్షరాలు లేకపోతే ఆ దుకాణం వీధిలో పది దుకాణాల్లో ఒకటి.

భావన్నారాయణ దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సులో విజయవాడ తీసుకెళ్లాడు. సాయంత్రం వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కూలబడ్డాడు. కంపెనీ మనిషి గింజలు చూసి నవ్వాడట. పూజ చేయడం వాడకం కిందికి రాదన్నాడట. మొత్తం మార్చి కొత్తది కొనుక్కోవాలట, లోపలి అక్షరాలు తీసివ్వరట.

"ఇన్నాళ్లూ ఊరందరికీ నేనే చెప్పానే. నా మాట విని నలుగురు కొన్నారు కూడా" అన్నాడు.

"సరేలెండి, వాళ్లు వేయించిన వేషం కాదుగా, మీ అంతట మీరే కట్టారు. ఆ బల్ల కిందది తీయండి."

"అది లేస్తుందంటావా?"

"పొగడకుండా మీట నొక్కండి. లేస్తుంది."

కాస్త మూలిగాను, లేచాను. తెర మీద 'శ్రీ' మెడ వంచి నిలబడింది. భావన్నారాయణ చొక్కా అంచుతో నా తెర తుడిచాడు. కొత్తదానిలో ఆవిడ గీసుకున్న వత్తులు కొన్ని పోయాయి. అవి నష్టం కిందే. మిగతా సరుకంతా దక్కింది, కార్తీకం శుభలేఖలన్నీ నా మీదే అచ్చుకు వెళ్లాయి.

తర్వాత బజారులో విడిభాగాలతో పేర్చిన, పేరులేని కంప్యూటర్ కొన్నారు. దాని వెనక మరలు ఉన్నాయి. అక్షరాలు అందులోకి వెళ్లాయి. స్కూటరు మీద చేప పోయింది, జిగురు మరక మిగిలింది. నన్ను అల్మరా మీద కూర్చోబెట్టారు. కంపెనీ మీద నాకు కోపం లేదు, ఆ నాలుగు మరలూ బిగించింది వాళ్లే. ఈ దంపతులకు మాత్రం తీర్చలేనంత బాకీ ఉన్నాను.

మళ్లీ దసరాకి భావన్నారాయణ కుంకుమ భరిణెతో వచ్చాడు. అలవాటున వేలు చేప దాకా వెళ్లి ఆగింది. "ఎక్కడ పెట్టమంటావే?" అని భార్యనడిగాడు.

"నేను రోజూ ఎక్కడ వేలు పెట్టేదాన్నో అక్కడ" అంది హైమావతి.

'అ' మీట. ఆవిడ అంటించిన కాగితం ఏనాడో అరిగి, అక్షరం చెరిగిపోయింది. బొట్టు అక్కడ పెట్టాడు. అక్షింతలు ఈసారి వేయలేదు, పక్కన పెట్టాడు.