ఒక్క ముక్క కరిగేదాకా

చాక్లెట్ తెచ్చిన రోజున పంచే పని నాదే. పిల్లలిద్దరికీ చెరో ముక్క, వాళ్ల నాన్నకు పెద్ద ముక్క, కాగితానికి అంటుకున్నది నాకు. "నీకు తీపి ఇష్టం ఉండదుగా" అంటారు ఆయన. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తాను. పొద్దున్నుంచీ నిలబడే ఉండి, వచ్చినవాళ్ల చేతులకు పట్టీ బిగించి, నరం వెతికి, రక్తం తీస్తాను. ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. "రెస్ట్ ఇంట్లో తీసుకుని రావాలమ్మా" అన్నాడు మేనేజరు. ఇంట్లో రెస్టు అనేసరికి అంత నీరసంలోనూ నవ్వొచ్చింది. పై అంతస్తు డాక్టరమ్మ మాత్రం నన్ను కూర్చోబెట్టి బీపీ చూశారు. ఎక్కువే ఉంది. మాత్ర రాసి, ఉప్పు తగ్గించమని, నడవమని చెప్పి, "చాక్లెట్ తింటావా?" అని అడిగారు.

నేను బిత్తరపోయాను.

"నల్లగా, చేదుగా ఉండేది. రోజుకో చిన్న ముక్క, అంతే. రక్తనాళాలకు కాస్త మంచిదంటారు, మనసుకూ హాయిగా ఉంటుంది. ఎక్కువ తింటే ఒళ్లు పెరుగుతుంది. మాత్రకు బదులు మాత్రం కాదు. ఇంకో మాట, కూర్చుని తిను. నోట్లో కరిగేదాకా లేవకు."

ఆవిడ చెప్పినవాటిలో అన్నిటికన్నా కష్టమైనది ఆ చివరిదే. సాయంత్రం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటే కాళ్లు వాటంతటవే వంటింటివైపు లాగేవి. అత్తయ్య చూసి, "మా రోజుల్లో డాక్టర్లు చేదు మందులిచ్చేవాళ్లు" అన్నారు. "ఇదీ చేదే అత్తయ్యా" అన్నాను. ఆవిడ నమ్మలేదు. నాలుగైదు రోజులకు కుర్చీ అలవాటైంది. చేదు మెల్లగా విడిపోయి అడుగున సన్నటి తీపి తగిలేది. అంతకాలం నేను ఏదీ రుచి తెలిసేలా తినలేదని అప్పుడు అర్థమైంది. ఆ డాక్టరమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండో వారంలో ఒకరోజు పని నుంచి వచ్చేసరికి ఫ్రిజ్‌లో నా నల్ల చాక్లెట్ ఖాళీ అట్ట ఉంది. ఆయన టీవీ చూస్తూ మొత్తం తినేశారు.

"చాక్లెట్టేగా, ఇంకోటి తెచ్చుకో. దానికి ముఖం అలా పెడతావేం?"

నాది చాక్లెట్ బాధ కాదని చెప్పబోయాను. చెప్పకుండానే ఖాళీ అట్ట చెత్తబుట్టలో వేశాను. కిటికీ దగ్గరికి పోయి ఊరికే కూర్చున్నాను. కాసేపటికి అత్తయ్య ఇంకో కుర్చీ లాక్కుని వచ్చి నా పక్కన వేసుకున్నారు. కళ్లజోడు పెట్టె తెరిస్తే, లోపల రెండు నల్ల ముక్కలు.

"వాడు అట్ట చింపగానే తెలిసింది, ఇక మిగల్చడని. చేతిలోంచి లాగేశా. ఒకటి నీది. రెండోది నేను తినొచ్చా? నాకు షుగరు లేదులే."

ఇద్దరం తిన్నాం. ఆవిడ ముఖం ముందు ముడుచుకుపోయి, తర్వాత నెమ్మదిగా విచ్చుకుంది.

"అమ్మా, టీ" అని హాల్లోంచి ఆయన పిలిచారు. నాకు లేవడమే అలవాటు. అత్తయ్య నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు.

"మేం తింటున్నాం. నువ్వే పెట్టుకో నాన్నా."

తర్వాత నావైపు చూడకుండా, గొంతు తగ్గించి అన్నారు. "నిన్ను కూర్చోనివ్వకపోవడం వాడికి పుట్టుకతో రాలేదే అమ్మాయ్. నేనే నేర్పాను."

డెబ్బై మూడేళ్ల మనిషి ఆ మాట అనగలిగారు. నా చేతిని ఆవిడ చేతి మీద పెట్టాను. వంటింట్లో ఒకటి తర్వాత ఒకటి డబ్బాల మూతలు తెరుస్తున్న చప్పుడు. టీపొడి ఎక్కడుందో మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం చెప్పలేదు.