ఇద్దరి బరువు

ఎడమవైపు షాక్ అబ్జార్బర్ పైబోల్టు రాలేదు. ఉదయలక్ష్మి పానా చివరకి ఇనపగొట్టం తొడిగి, మోకాలు సిమెంటు నేలకి ఆనించి, ఒంటి బరువంతా వేసి లాగింది. బోల్టు కీచుమంటూ కదిలింది. నిన్న గోడకి గుద్దుకున్న భుజంలో ఏదో దానితోపాటే కదిలింది.

ఈ పరాయి దేశంలో, ట్రుగనీనా అనే శివారులో ఉన్న ఆ షెడ్డు బోర్డు మీద భర్త బాలమురళి పేరుంది. పని మాత్రం ఆమెది. నరసరావుపేటలో తండ్రి ట్రాక్టర్లు విప్పుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న పని. ఇక్కడికొచ్చిన పదిహేడేళ్లలో ఆమె గోళ్ల నలుపు వదల్లేదు. బాలమురళి చేతులు శుభ్రంగా ఉంటాయి. ఒకటి కస్టమర్లకి అందివ్వడానికి, ఒకటి ఆమె మీదికి లేవడానికి. అయిదో నెల కడుపు పోయినప్పుడు ఆస్పత్రిలో కాగితం నింపింది కూడా ఆయనే. "మెట్ల మీద జారింది" అని రాయించాడు. షెడ్డుకి మెట్లు లేవు, ఇంటికీ లేవు.

ఇవాళ్టి బండి డాక్టర్ జయశ్రీది. దూరాలు తిరిగే పెద్ద మోటార్ సైకిలు. పాత షాకులు నూనె కార్చేశాయి. కొత్తవి బిగిస్తే పదకొండింటికి వచ్చి తీసుకుని ఆమె అడిలైడ్ వెళ్లిపోతుంది. బండిని ఎత్తిపట్టే జాకు చెడిపోయి నెలయింది. అందుకని ఒకవైపు కొత్తది పూర్తిగా బిగించాకే రెండోవైపుది తియ్యాలి. రెండూ ఒకేసారి వదిలితే వెనకభాగం చక్రం మీద కూలబడుతుంది.

బాలమురళి ఫోను పట్టుకుని లోపలికొచ్చాడు.

"నువ్వే బిగించాలంట. డాక్టరమ్మ నీ పేరు పెట్టి అడిగింది."

"కిందటిసారి క్లచ్చి నేనేశాను కదండీ. అందుకని."

"అది ఆమెకెట్టా తెలుసు? ఇంకేం చెప్పావే?"

విప్పిన పాత షాకు తీసి విసిరాడు. మూడు కిలోల ఇనుము ఆమె మెడ పక్కనుంచి దూసుకుపోయి రేకు గోడకి సొట్ట పెట్టింది. ఆమె తల తిప్పలేదు. కుడిచెయ్యి మడ్‌గార్డు కిందికి పోనిచ్చి, కొత్త షాకు కంత కుదురుస్తోంది. ఆయన బండికి అటువైపు వెళ్లాడు. సుత్తి తీసుకున్నాడు.

"పనంటే ఏందో నేను చూపిస్తా."

"అటు ముట్టుకోమాకండి. ఇటు ఇంకా బిగించలేదు."

ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆమె ముందే వదులు చేసి పెట్టుకున్న బోల్టుని రెండు దెబ్బల్లో అవతలికి కొట్టేశాడు. బండి కూలింది. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఆమె వేళ్లు రెండు నలిగాయి. ఆమె అరవలేదు. అరిస్తే ఎక్కువవుతుందని తెలుసు.

బాలమురళి వంగి చూశాడు.

"గీత పడిందేమో చూడు బండికి."

ఎడమచేత్తో గొట్టం అందుకుని, ఫ్రేము కింద పెట్టి, తానే పైకెత్తి తన వేళ్లు తీసుకుంది. ఆయన తన చిన్న ట్రక్కు, యూట్ తాళాలు తీసుకున్నాడు.

"సామాన్ల కొట్టుకి పోయొస్తా. వచ్చేసరికి ఆమె పోయుండాల. ఆ చెయ్యి ఆమెకి చూపించావా, ఈసారి చక్రం కింద నీ తల పెడతా."

చెప్పింది చేస్తాడు. ఇన్నేళ్లలో ఆయన మాట తప్పింది ఎప్పుడూ లేదు.

వేళ్లకి గుడ్డ చుట్టి, టేపేసి, ఎడమచేత్తో రెండువైపులా బిగించింది. మామూలుగా గంట పని, రెండున్నర గంటలు పట్టింది.

జయశ్రీ వచ్చీ రాగానే గుడ్డ చూసింది.

"ఏమైంది లక్ష్మీ?"

"పానా జారిందండీ."

"ముప్పయ్యేళ్లు ఎమర్జెన్సీలో చేశాను. పానా జారినవాళ్లు గుమ్మం వంక చూస్తూ మాట్లాడరు."

బండి పెట్టెలోంచి మందుల సంచీ తీసి, గుడ్డ విప్పి, శుభ్రంగా కట్టు కట్టింది. పోలీసులకి చేస్తానని ఫోను తీసింది.

"ఇక్కడొద్దు. వాళ్లకంటే ముందు ఆయనొస్తాడు."

"సరే. అడిలైడ్‌లో మా కజిన్ భానుశ్రీ విమెన్స్ షెల్టర్ నడుపుతుంది. నా వెనక పిలియన్ సీటు ఖాళీ. డెసిషన్ నీది, నేను ఫోర్స్ చెయ్యను."

ఉదయలక్ష్మి కొలిచే టేపు తీసుకుంది.

"ఎక్కి కూర్చోండి. మీ బరువుకి ఎంత దిగుద్దో చూడాల."

జయశ్రీ కూర్చుంది. బండి మూడు సెంటీమీటర్లు దిగింది. అంతే దిగాలి. సరిగ్గా ఉంది. ఉదయలక్ష్మి వెనక ఖాళీ సీటు వంక చూసింది. తర్వాత కొక్కెం పానా స్ప్రింగు రింగుకి తగిలించి, స్ప్రింగు ఇంకా గట్టిపడేలా తిప్పింది. ఒకటి, రెండు, మూడు. ఇటు వచ్చి మళ్లీ అంతే.

"అంత బిగిస్తే కుదుపు గట్టిగా కొట్టదూ?"

"మీ ఒక్కరికే అయితే కొట్టుద్ది," అంది ఉదయలక్ష్మి.

జయశ్రీ ఇంకేమీ అడక్కుండా వెనక పెట్టెలోంచి రెండో హెల్మెట్ తీసింది. ఉదయలక్ష్మి పనిబల్ల దగ్గరికి వెళ్లి, ఒక నిమిషం వంగి ఏదో రాసి వచ్చింది. చెరోపక్క కాలేసి ఎక్కింది. బండి ఇద్దరి బరువుకీ సరిగ్గా మూడు సెంటీమీటర్లు దిగింది.

రౌండెబౌట్ దగ్గర బాలమురళి యూట్ ఎదురైంది. బండిని గుర్తుపట్టి, కస్టమరుకి నవ్వుతూ చెయ్యెత్తాడు. వెనక కూర్చున్నది ఎవరో చూడలేదు. ఉదయలక్ష్మి జయశ్రీ నడుం పట్టుకుంది. యూట్ షెడ్డు వైపు తిరిగింది.

పనిబల్ల మీద జాబ్ కార్డు ఉంది. "బిగించినవారు" అన్నచోట, బాలమురళి ముందే చేసిపెట్టుకున్న సంతకం మీద అడ్డంగా ఒక గీత, దాని కింద ఎడమచేత్తో రాసిన వంకర అక్షరాల్లో ఉదయలక్ష్మి అన్న పేరు, పక్కనే రక్తమో గ్రీసో తెలియని వేలిముద్ర, ఇంకా ఆరలేదు.