మూడోసారి క్షమాపణ

యూదుల ప్రాయశ్చిత్త దినానికి ముందురోజు మధ్యాహ్నం జెలిగ్ వైన్‌స్టోక్ కారును వీధి మొదట్లోనే ఆపించి, సినగాగ్ పెద్దలు ముగ్గురిని వెంటబెట్టుకుని ఫ్రూమా ఇంటికి నడిచాడు. ఇంగ్లండులోని ఆ లీడ్స్ నగరంలో సగం మంది మగవాళ్ల ఒంటి మీద ఉండేది అతని ఫ్యాక్టరీలో కుట్టిన కోటే. అంతటి మనిషి ఆ ఇరుకు వీధిలో దొంగలా గోడవారన నడిచాడు.

రావడం ఇది మూడోసారి. సాటి మనిషికి చేసిన తప్పును దేవుడు మాఫీ చేయడు. ఆ మనిషినే అడగాలి, ముగ్గురి ఎదుట, మూడుసార్లు. మూడోసారి కూడా కాదంటే అడిగినవాడి మెడ మీది పాపం దిగిపోయి, కాదన్నవాళ్లకు చుట్టుకుంటుంది. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి జెలిగ్ అడిగాడు. రెండుసార్లూ ఫ్రూమా టీ ఇచ్చి, క్షమించలేనని చెప్పి పంపించింది.

తప్పు చిన్నదేం కాదు. లిథువేనియా నుంచి అతనితో ఒకే ఓడలో వచ్చిన ఎల్యా, అంటే ఫ్రూమా భర్త, ముప్పై ఏళ్ల కిందట జెలిగ్ వర్క్‌షాపులో కోట్లు ఇస్త్రీ చేసేవాడు. గ్యాసుతో కాలే ఇస్త్రీపెట్టెలు, తడిగుడ్డల ఆవిరి, రోజుకు పన్నెండు గంటల పని. పొగగొట్టాల మసి లేతరంగు బట్టల మీద పడుతోందని జెలిగ్ కిటికీలన్నిటికీ మేకులు కొట్టించాడు. ఒక్కటైనా తెరవమని ఎల్యా బతిమాలితే, ఊపిరాడనివాడు పార్కులో పని చూసుకోవచ్చన్నాడు. అందరూ నవ్వారు. ఎల్యా కూడా నవ్వాడు. రెండేళ్లు తిరక్కుండా ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. ఎల్యా నవ్విన ఆ నవ్వు ఇప్పటికీ జెలిగ్‌ను లోపల్లోపల తినేస్తోంది.

ఇప్పుడతను సముద్రం ఒడ్డున ఛాతీ జబ్బుల వాళ్లకు పెద్ద ఆరోగ్యభవనం కట్టించాడు. పండుగలు కాగానే ప్రారంభం. పత్రికలు ఆకాశానికెత్తేశాయి. దాత అని ఎవరైనా పిలిస్తే సిగ్గుతో చచ్చిపోయేవాడు. అలా పిలవొద్దని మాత్రం ఏనాడూ ఎవరితోనూ అనలేదు.

ఫ్రూమా వంటగదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఉపవాసానికి ముందు తినే భోజనం సర్దుతోంది. అంత చలిలోనూ కిటికీ బార్లా తెరిచి ఉంది. పెద్దలు ముగ్గురూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. జెలిగ్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నీ భవనానికి కిటికీలు చాలానే పెట్టించావట," అంది ఆవిడ.

"గదికి రెండు, వదినా."

"మా ఆయన అడిగింది ఒక్కటే." రొట్టె మీద గుడ్డ కప్పింది. "సరే, అడుగు జెలిగ్. నేను కాదంటాను. నీ బరువు దిగిపోతుంది. ఈ వయసులో నాకింకో పాపం ఎక్కువైతే ఏమైందిలే, మోస్తాను. రేపు ఉపవాసం పెట్టుకుని, క్షమించానని అబద్ధం మాత్రం ఆడలేను."

జెలిగ్ గొంతు సవరించుకున్నాడు. ఒక్క మాట చాలు, ముప్పై ఏళ్ల భారం తీరిపోతుంది. అంతలో గాలి విసురుగా కొట్టి, తెల్లగుడ్డ మీద నల్లటి నలుసులు రాలాయి. అతను చప్పున లేచి కిటికీ మూసి గడియ పెట్టేశాడు.

"గుడ్డ మీద మసి పడుతోంది," అన్నాడు.

ఆ మాట తన చెవిన పడగానే అతని చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. ఆనాడు మేకులు కొట్టిస్తూ అన్నదీ ఇదే మాట. ఒక ముసలాయన కిటికీ మూశాడు, పెద్దలకు కనిపించింది అంతే. ఫ్రూమా మాత్రం అతని చేతినే చూస్తోంది.

గడియ తీసి, కిటికీ మళ్లీ బార్లా తెరిచాడు. పెద్దలను వెళ్లిపొమ్మన్నాడు. పొద్దువాలుతోందని, ఒక్క మాట అనేస్తే పనైపోతుందని వాళ్లలో ఒకాయన నచ్చజెప్పబోయాడు.

"నేనడగను," అన్నాడు జెలిగ్. "నా పాపం ఆవిడ నెత్తిన పెట్టి నేను హాయిగా పోవాలా?"

వాళ్లు వెళ్లిపోయారు. ఫ్రూమా కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

"వచ్చే ఏడు వస్తావా?"

"వస్తాను వదినా."

"ఒక్కడివే రా."

ఆవిడ క్షమించలేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను కోటు గుండీలు పెట్టుకుని, తెరిచిన కిటికీ కిందే కూర్చుని టీ తాగాడు.