నాచు కడిగిన బొమ్మ

డోరీన్‌కి శుభ్రం ఒక జబ్బు. ఆమె వంటింట్లో ఈగ వాలాలన్నా కాళ్లు కడుక్కుని రావాల్సిందే. పక్కింటి ముసలి ఆంబ్రోస్, ఆ సంగతి తెలిసి కూడా, చలికాలానికి ముందు తుంటి విరిగి ఆసుపత్రికి పోతూ తోట తాళం ఆమెకే ఇచ్చాడు.

ఆ తోటలో పూలబుట్ట పట్టుకున్న పిల్ల బొమ్మ ఉంది. అసలు రాయి కాదు; రాతిపొడి, సిమెంటు కలిపి తాతల కాలంలో అచ్చుపోసింది. దాని మీద నాచు పట్టాలని ఆంబ్రోస్ భార్య ఈనిడ్ బతికున్నన్నాళ్లూ పెరుగు పూసేది. డోరీన్‌కి ఆ నాచంటే కంపరం. మార్చిలో ఆయన ఇంటికొస్తున్నాడని తెలిసి, సంతోషపెడదామని, కార్లు కడిగే మిషను తెచ్చి బొమ్మ మీద నీళ్లు చిమ్మింది. నాచు పోయింది. దాంతోపాటు పైపొర కూడా ఊడి, ముక్కూ పెదవులూ పోయి, మొహమంతా కంకర తేలింది.

గాభరాగా పెరుగు డబ్బా తెచ్చి పూసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మర్నాటి వానకి అదీ కొట్టుకుపోయింది.

ఆంబ్రోస్ చేతికర్రతో వచ్చి బొమ్మ ముందు ఆగిపోయాడు.

"మంచు కొరికేసిందా?"

నిజం చెప్పడానికి అదే అదను. "ఈసారి చలి అలాంటిది మరి," అంది డోరీన్.

"ఈనిడ్ ఏటా చలికాలం దీనికి గోనెపట్టా చుట్టేదమ్మా. నీకు చెప్పడం మరిచాను. తప్పు నాదే."

అప్పటినుంచి రోజూ పొద్దున్నే టీ కప్పుతో బొమ్మ దగ్గరికి వెళ్లేవాడు. "క్షమించవే ఈనిడ్. ఒక్క పని అప్పగించి పోయావు, అదీ చేతకాలేదు."

కంచె ఇవతల బట్టలారేస్తూ డోరీన్ వినేది. సిగ్గుతో చచ్చిపోయేది. అబద్ధం పాతబడేకొద్దీ నిజం మరీ బరువైంది.

ఏప్రిల్లో ఓ రోజు, ఎండ కాస్తుండగా, ఆయన గోనెపట్టా తెచ్చి బొమ్మకి చుట్టబోతూ తూలాడు. డోరీన్ పరుగున వెళ్లి పట్టుకుంది.

"ఇప్పుడెందుకండీ ఇది? చలి పోయిందిగా!"

"ఇప్పుడైనా చుట్టకపోతే ఈనిడ్‌కేం మొహం చూపించను?"

డోరీన్ ఏడ్చేసింది. "మంచు కాదండీ, నేనే. మీరొస్తున్నారని మిషనుతో కడిగాను."

ఆయన తిట్టలేదు. "బొమ్మ పోతే పోయిందిలే," అన్నాడు. "నేను రోజూ ఈనిడ్‌ని క్షమించమని అడుగుతుంటే నీకు వినబడేదా?" అని అడిగాడు.

"వినబడేది."

"ఎలా వింటూ ఊరుకున్నావమ్మా?"

ఆమె చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని, కర్ర పొడుచుకుంటూ ఆయన ఒక్కడే లోపలికి వెళ్లాడు.